కుడితి తొట్టి: మా వంటింటి సింకు డైరీ

జనవరి 11, శనివారం

సింకు కింద అడుగుచెక్క ఉబ్బింది. సబ్బు సీసాలు, చెత్త కవర్లు బయటికి తీసి చూస్తే మధ్యలో పూరీలా పొంగి ఉంది. వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. నిజానికి చెక్క కాదది, రంపపు పొట్టును జిగురుతో అదిమిన బోర్డు. ఒకసారి నీళ్ళు తాగిందంటే మళ్ళీ మామూలు అవదు. అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని ర్యాలీ నగరం పక్కన కేరీలో మా ఇల్లు 1996లో కట్టింది. వంటింట్లో ఇప్పటికీ అప్పటి ఓక్ క్యాబినెట్లే, అప్పటి రెండు గదుల స్టీలు సింకే. కారుతున్నది ఎక్కణ్ణుంచో వెతికితే సింకు అంచు చుట్టూ పెట్టిన జిగురు ఎండి రాలిపోయింది. గట్టు మీద తుడిచిన ప్రతి చుక్కా మెల్లగా కిందికి జారుతోంది.

"ఎలాగూ విప్పుతున్నాం కదా" అన్నాను. ఇంటిపనుల్లో ఇంతకంటే ఖరీదైన మాట ఇంకోటి లేదని మా ఆయన అభిప్రాయం.

గట్టు మార్చాలని రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం. సింకు మారిస్తే గట్టూ మారాలి, గట్టు మారితే వెనక పలకలూ మారాలి. క్యాబినెట్లు మాత్రం గట్టిగా ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోకూడదని రాసుకున్నాం. ఆ రాసుకున్నది ఎంతకాలం నిలబడిందో ముందు ముందు వస్తుంది.

నాకు ఎప్పట్నుంచో ఫామ్‌హౌస్ సింకు మీద కన్ను. మామూలు సింకు గట్టులో కోసిన కంతలోకి దిగుతుంది. దీనికి ముందువైపు గట్టు ఉండదు, సింకు ముందు గోడే క్యాబినెట్ దాటి బయటికి కనిపిస్తుంది. ఆ ముందు గోడను అప్రన్ అంటారు. ఫోన్లో తెల్లటి బొమ్మ ఒకటి అమ్మకి చూపించాను. అమ్మ తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది. కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇదేంటే, కుడితి తొట్టిలా ఉంది" అంది.

మా ఊళ్ళో గొడ్ల చావిడి పక్కన అచ్చం ఇలాగే నలుచదరంగా సిమెంటు తొట్టి ఉండేది. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ అందులోకే. ఇక ఆ పోలిక నా బుర్రలోంచి పోలేదు.

జనవరి 18, శనివారం

కొలతలు. సింకు ఉన్న క్యాబినెట్ వెడల్పు 36 అంగుళాలు. అందులో 33 అంగుళాల అప్రన్ సింకు పడుతుంది. 36 అంగుళాల సింకు కావాలంటే క్యాబినెట్టే మార్చాలి, వద్దు.

వెడల్పు సులువుగానే తేలింది. లోతు దగ్గర గొడవ వచ్చింది. అమ్మ ఎత్తు ఐదడుగులకి అంగుళం తక్కువ, మా ఆయన ఆరడుగులు. గట్టు నేల నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉంటుంది. 10 అంగుళాల లోతు సింకు పెడితే, గట్టు మందం కూడా తీసేస్తే, సింకు అడుగు నేల నుంచి 25 అంగుళాల లోపే. అంటే పొడుగు మనిషి అడుగున ఉన్న చెంచా తీయాలంటే నడుం వంచాల్సిందే. కాగితం మీద ఇది తెలీలేదు. అందుకని రెండు అట్టపెట్టెలు కోసి 9 అంగుళాల లోతు ఒకటి, 10 అంగుళాల లోతు ఒకటి చేసి ఇస్త్రీ బల్ల మీద సరిగ్గా ఆ ఎత్తులో పెట్టాను. ఒక్కొక్కరం పదేసి నిమిషాలు నిలబడి ఉత్తుత్తి గిన్నెలు తోమాం. మా ఆయన 10 అంగుళాల పెట్టె దగ్గర ఏడో నిమిషంలో నడుం పట్టుకున్నాడు. 9 దగ్గర పరవాలేదన్నాడు. ఒక్క అంగుళం!

ఈ అట్టపెట్టెల నాటకంలో ఇంకో సంగతి బయటపడింది. పాత సింకు దగ్గర నిలబడితే కడుపుకీ సింకుకీ మధ్య నాలుగంగుళాల గట్టు ఉంటుంది. నీళ్ళన్నీ ఆ మధ్యలోనే చేరి అమ్మ చీర ముందు భాగం ఎప్పుడూ తడి. అప్రన్ సింకులో ఆ అడ్డు లేదు, నేరుగా తొట్టి ముందే నిలబడతాం. ఇది బొమ్మల్లో ఎవరూ చెప్పరు. ఈ సింకు కొనడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే.

జనవరి 25, శనివారం

షోరూంకి వెళ్ళాం. ఒక గుడ్డ సంచిలో ఏడున్నర లీటర్ల కుక్కరు, దోసెల పెనం, ఇడ్లీ పాత్ర, వెట్ గ్రైండర్ గిన్నె, ఒక స్టీలు గరిటె. "పిచ్చోళ్ళనుకుంటారు" అన్నాడు మా ఆయన. అనుకుంటే అనుకోనీ. చెప్పులు కొనేటప్పుడు కాలు తీసుకెళ్తాం కదా.

గిన్నెలు దించి చూడగానే ఒక విషయం తేలిపోయింది. రెండు గదుల సింకు మనకి పనికిరాదు. 33 అంగుళాలని సగం చేస్తే ఒక్కో గదీ లోపల పద్నాలుగు, పదిహేను అంగుళాలు. పెనం పిడితో సహా పడదు, గ్రైండర్ గిన్నె పట్టినా తిప్పడానికి చోటుండదు. ఒకటే పెద్ద గది. దీనిమీద ముగ్గురికీ భేదాభిప్రాయం లేదు. మా ఇంట్లో అరుదు ఇది.

ఇక దేంతో చేసింది అన్నది. రాగి సింకు ఒకటి మెరుస్తూ కనిపించింది. అమ్మ నవ్వి, "చారు గిన్నె తొలిచిన చోటల్లా మెరుస్తుంది, మిగతాదంతా నల్లబడుతుంది. ఇక రోజూ చింతపండు పెట్టి తోముతూ కూర్చో" అంది. ఆ రాగి సింకుల అందమంతా మెల్లగా నల్లబడ్డంలోనే ఉందట. దాని మీద చింతపులుసు చుక్క పడితే అక్కడ కొత్త పైసాలా మచ్చ. తెలుగు వంటింటికీ రాగి సింకుకీ జాతకాలు కలవవు.

పోత ఇనుము మీద ఎనామిల్ వేసిన సింకులు చాలా అందంగా ఉన్నాయి, చాలా బరువు కూడా. ఎనామిల్ పెచ్చు లేచిందంటే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. ఇక్కడ అమ్మ మాటకి ఒక సాక్ష్యం దొరికింది. ఈ రకం సామాన్లలో పేరున్న కోలర్ కంపెనీ కథ అసలు తొట్టితోనే మొదలైంది. విస్కాన్సిన్‌లో జాన్ మైఖేల్ కోలర్ 1883లో గుర్రాల నీళ్ళ తొట్టికి ఎనామిల్ పూత వేసి, నాలుగు కాళ్ళు తగిలిస్తే స్నానాల తొట్టిగా కూడా వాడుకోవచ్చని అమ్మాడు. అమ్మకి ఈ సంగతి చెబితే "నే చెప్పలా" అంది.

క్వార్ట్జ్ పొడిని రెజిన్‌తో కలిపి పోసిన కాంపొజిట్ సింకులు ఉన్నాయి. ముదురు రంగుల్లో బాగుంటాయి. వేలితో రాస్తే కొంచెం గరుగ్గా తగిలింది, పిండి గిన్నె కడిగినప్పుడు అక్కడే అతుక్కుంటుందేమోనని నాకు అనుమానం. తప్పయినా కావచ్చు.

చివరికి రెండు మిగిలాయి. తెల్లటి ఫైర్‌క్లే, స్టెయిన్‌లెస్ స్టీలు. ఫైర్‌క్లే అంటే బంకమట్టిని అచ్చుపోసి, మెరుగు పూసి, దాదాపు 1,200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చింది. పింగాణీకి పెద్దన్నయ్య. పసుపు పడితే ఏమవుతుందన్నది నా భయం. అమ్మేవాడు అది అసలు సమస్యే కాదన్నాడు. పూత గాజులాంటిది, రంగు లోపలికి దిగదు. సమస్య ఎక్కడుందో మా గరిటెతోనే తెలిసింది. సింకు అడుగున గరిటెని ఒక్కసారి గట్టిగా రాస్తే పలక మీద బలపం గీసినట్టు బూడిదరంగు గీత పడింది. గీరుకుపోయింది కాదట. స్టీలే అరిగి పూత మీద అంటుకుందట. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న పొడి వేసి రుద్దితే పోయింది. కానీ మా ఇంట్లో రోజుకి ఎన్ని స్టీలు గిన్నెలు? పళ్ళేలు, గ్లాసులు, డబ్బాలు, మూతలు, గరిటెలు. ఈ సింకులు పింగాణీ పళ్ళేల్లో తినే ఇళ్ళలో పుట్టాయి.

ఇంత తెలిసీ ఇంటికొస్తూ కార్లో, "తెల్లదే బాగుంది" అన్నాను.

జనవరి 26

మూడేళ్ళ నుంచి ఫైర్‌క్లే సింకు వాడుతున్న స్నేహితురాలింటికి వెళ్ళాం. గీతలు పడకుండా ఆమె అడుగున స్టీలు జాలీ వేసింది. "అక్కా, సింకు మంచిదే. ఈ జాలీతోనే చచ్చిపోతున్నా" అంది. జాలీ తీసి చూపించింది. రబ్బరు కాళ్ళ చుట్టూ అన్నం మెతుకులు. రోజూ రాత్రి దాన్ని తీసి, కింద కడిగి, మళ్ళీ పెట్టాలట. సింకు మాత్రం, జాలీ తీశాక, నిజంగా కొత్త దానిలా ఉంది. మూలన చిన్న పెచ్చు తప్ప. అది రోకలి పడినప్పటిదట.

ఆ తెలుపే కళ్ళలో పెట్టుకుని ఇంటికొచ్చి రాత్రి పదకొండింటికి ఆర్డరు పెట్టేశాను. 33 అంగుళాలు, 9 అంగుళాల లోతు, ఫైర్‌క్లే, 890 డాలర్లు. జాలీ వేయకుండా జాగ్రత్తగా వాడతానని మా ఆయనకి మాటిచ్చాను. అమ్మ ఆ మాట విని ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే అర్థం నాకు తెలుసు.

ఫిబ్రవరి 14

సింకు వచ్చి ఆరు రోజులైంది. వచ్చినప్పుడు మంచు వాన. లారీ అతను తొందరపడుతుంటే పెట్టె విప్పకుండానే "సరిగా అందింది" అన్న చోట సంతకం పెట్టాను. గరాజ్‌లో పెట్టించి ఊరుకున్నాం. ఇవాళ విప్పాం. ఇద్దరం కలిసి పెట్టెలోంచి పైకి లేపలేకపోయాం, పెట్టెనే చుట్టూ కోసేశాం.

చూడ్డానికి లోపమేం లేదు. అమ్మ వచ్చి చుట్టూ తిరిగి, వంగి, మడిచిన వేళ్ళతో టకటకా కొట్టింది. నాలుగైదు చోట్ల కొట్టింది. కుడిపక్క మూల దగ్గర ఆగి ఇంకోసారి కొట్టింది.

"పగిలింది."

"ఎక్కడ?"

"కనబడదు. విను." ఎడమపక్క కొడితే ఖంగుమంటోంది. కుడిపక్క మూల దగ్గర మొద్దుగా, తడిసిన తలుపు మీద కొట్టినట్టు. సంతలో కుండ కొనేటప్పుడు అమ్మ ఇలాగే కొట్టి చూసేది. చిన్నప్పుడు నేనూ పక్కన నిలబడి కొట్టేదాన్ని, తేడా తెలిసినట్టు మొహం పెట్టి.

మా ఆయన నమ్మలేదు. టార్చి వేసి చూశాడు, ఏమీ లేదు. అమ్మ లోపలికెళ్ళి గిన్నెలో పసుపు నీళ్ళు కలుపుకొచ్చింది. ఆ మూలంతా గుడ్డతో పసుపు నీళ్ళు పట్టించి, పది నిమిషాలాగి, తడిగుడ్డతో తుడిచేసింది. పూత మీద పసుపంతా పోయింది. నీళ్ళు పోయే కంత దగ్గర్నుంచి మూల దాకా వెంట్రుక కంటే సన్నటి పసుపు గీత మాత్రం మిగిలింది. ఇంజనీర్లు లోహపు పగుళ్ళు పట్టుకోవడానికి రంగు నీళ్ళు పోసి చేసే పరీక్ష ఇదేనని ఆ రాత్రి మా ఆయనే వెతికి చెప్పాడు. "అత్తయ్యగారూ, మీకు దండం" అన్నాడు.

పగులు సంగతి పక్కన పెడితే ఇంకో పాఠం కూడా నేర్చుకున్నాం. పొడుగు కర్ర ఆనించి చూస్తే అప్రన్ తిన్నగా లేదు, మధ్యలో కొద్దిగా లోపలికి వంగింది. వెడల్పు 33కి బదులు 32 అంగుళాల 5/8. ఇది లోపం కిందికి రాదు. మట్టి కాల్చినప్పుడు కుంచించుకుపోతుంది, ఏ రెండూ ఒక్కలా రావు. రెండు శాతం దాకా తేడా ఉండొచ్చని పెట్టెలోని కాగితంలోనే రాసుంది. 33 అంగుళాలకి రెండు శాతమంటే అంగుళంలో మూడింట రెండొంతులు. అందుకే ఫైర్‌క్లే సింకు చేతికి రాకుండా క్యాబినెట్ మీద రంపం పెట్టకూడదు. కంపెనీ బొమ్మ చూసి ముందే కోసేసుంటే ఏమయ్యేదో తలుచుకోవడం ఇష్టం లేదు.

అమ్మినవాళ్ళకి ఫోటోలు పంపాను. సంతకం పెట్టారు కదా అన్నారు.

మార్చి 1, శనివారం

రెండు వారాల ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత డబ్బులు వెనక్కి వచ్చాయి, రవాణా ఖర్చు పట్టుకుని. పసుపు గీత ఫోటో పనికొచ్చింది. తెల్లటి అట్ట మీద ఎర్రపెన్నుతో గీసినట్టు స్పష్టంగా ఉంది, కాదనడానికి వీల్లేకపోయింది. సింకును మాత్రం వాళ్ళు తీసుకెళ్ళలేదు. ప్రస్తుతం అది గరాజ్‌లోనే ఉంది. అమ్మ అందులో మట్టిపోసి తోటకూర వేద్దామంటోంది.

ఈసారి స్టీలు. ఇష్టంగానా అంటే, కాదు. ఇష్టమైందాన్ని ఒకసారి పోగొట్టుకున్నాక బుద్ధిగా తీసుకున్న నిర్ణయం. స్టీలు గిన్నె స్టీలు సింకు మీద గీత గీస్తే వేల గీతల్లో అదొకటి. జాలీ అక్కర్లేదు. కుక్కరు జారిపడినా పెచ్చు లేవదు.

గేజ్ గురించి ఒక్క మాట, ఎందుకంటే నేనూ తికమకపడ్డాను. అంకె తగ్గే కొద్దీ రేకు మందం పెరుగుతుంది. 18 గేజ్ అంటే ఒకటింబావు మిల్లీమీటర్లు, 16 గేజ్ అంటే ఒకటిన్నర పైన. మా పాత సింకు ఇంకా పల్చన, చెంచా పడితే గుళ్ళో గంట. కొత్తది 16 గేజ్, 304 రకం స్టీలు. అంటే పద్దెనిమిది శాతం క్రోమియం, ఎనిమిది శాతం నికెల్. అడుగున రబ్బరు దిమ్మలు అంటించి పైన పూత వేశారు, చప్పుడు రాకుండా. మూలలు మరీ నలుచదరం కాకుండా కొద్దిగా గుండ్రంగా ఉన్నది ఎంచుకున్నాం. పదును మూలల సింకులు ఫోటోల్లో కత్తిలా ఉంటాయి కానీ ఆ మూలలో ఇరుక్కున్న మినప్పిండిని తీయడానికి టూత్‌బ్రష్ కావాలి. నీళ్ళు పోయే కంత వెనకవైపు మూలన ఉంది. మధ్యలో ఉంటే పెద్ద గిన్నె పెట్టగానే మూసుకుపోతుంది. ధర 460 డాలర్లు.

మా మామ్మగారు వీడియో కాల్లో సింకు ఈశాన్యంలో ఉందా అని అడిగారు. మా ఆయన దిక్సూచి పెట్టి చూశాడు. తూర్పు గోడ, కాస్త ఉత్తరానికి. ఆవిడ సరే అన్నారు. పొయ్యి ఎక్కడుందో అడగకముందే కాల్ కట్ చేశాం.

మార్చి 8, 9

రంపం పెట్టిన రోజులు. ఈసారి సింకు చేతికొచ్చింది, కర్ర ఆనించి చూశాం, తిన్నగా ఉంది. అమ్మ కొట్టి చూసింది కూడా. స్టీలు కదమ్మా అంటే "అలవాటు" అంది.

క్యాబినెట్ ముందు భాగంలో పైన ఒక ఉత్తుత్తి డ్రాయరు పలక ఉంటుంది, తెరుచుకోదు. అది పీకేశాం. అప్రన్ ఎత్తు 10 అంగుళాలు. పలక తీయగా వచ్చిన ఖాళీ దాదాపు 7. మిగతా మూడు అంగుళాలు కోయాలి. ఇలాంటి పాత క్యాబినెట్ల కోసమే పొట్టి అప్రన్ సింకులు అమ్ముతారు, అవి తీసుకుంటే ఈ కోత ఉండదు. నాకు నిండు అప్రనే కావాలనిపించింది. పర్యవసానం కింద రాస్తాను.

గీత గీసి, దాని మీద కాగితపు టేపు అంటించి, టేపు మీద మళ్ళీ గీత గీశాం. టేపు ఉంటే ఓక్ చెక్క పేళ్ళు లేవకుండా తెగుతుంది. రెండు వైపులా నిలువు కోతకి అదిరే రంపం, మధ్యలో జిగ్‌సా అనే సన్న పట్టీ రంపం. గీతకి పదహారో వంతు అంగుళం లోపలే ఆపి, మిగిలింది ఉప్పుకాగితంతో అరగదీశాం. ఈ ఒక్క పనికి నాలుగు గంటలు. తక్కువ కోశామని తెలిస్తే ఇంకోసారి కోయొచ్చు. ఎక్కువైతే అంతే సంగతులు.

తర్వాత మోత. అప్రన్ సింకు గట్టుకి వేలాడకూడదు, కింద నుంచి మోసేది ఉండాలి. లెక్క వేశాను. తొట్టి లోపల 30 అంగుళాల పొడవు, 17 వెడల్పు, 9 లోతు. నింపితే దాదాపు 20 గ్యాలన్లు, అంటే 75 లీటర్లు, 75 కిలోలు. సింకు బరువు ఇంకో 22. గిన్నెలు, ఆనుకుని నిలబడే మనుషులు వేరే. క్యాబినెట్ రెండు పక్కల గోడలకీ నిలువుగా రెండేసి టూ-బై-ఫోర్ కర్రలు నేల దాకా దించి, జిగురు, మరలు పెట్టి బిగించాం. వాటి మీద అడ్డపట్టీలు, వాటి మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్‌లో కంత కోసిన చట్రం. బరువు మరల మీద కాకుండా కర్రల మీద నుంచి నేలకి దిగాలన్నది ఆలోచన. చట్రం మీద మా ఆయన ఎక్కి కూర్చున్నాడు. 84 కిలోలు. కదల్లేదు.

ఉబ్బిన అడుగుబోర్డు కూడా పీకేసి ప్లైవుడ్ వేశాం, రెండు పూతలు రంగు. ఈ కథంతా మొదలైంది దాంతోనే, దానికి పట్టింది మాత్రం గంట.

ఇక పర్యవసానం. తలుపులు మూడంగుళాలు పొట్టి అవ్వాలి. మధ్యలో ఉబ్బెత్తు పలక ఉన్న ఓక్ తలుపులని పైనుంచి కోస్తే చట్రం పై పట్టీయే పోతుంది. కొత్తవి చేయించాలి. క్యాబినెట్ల జోలికి పోకూడదని రాసుకున్నామని చెప్పానా? రెండు తలుపులు, 240 డాలర్లు, ఆరు వారాలు. అప్పటిదాకా పాత చీర ముక్క కర్టెన్. అమ్మే కుట్టింది. చూడ్డానికి తలుపుల కంటే బాగుంది.

మార్చి 12

ప్లంబర్ వచ్చాడు. మా అంతట మేం చేయకూడదని ముందే అనుకున్న పని ఇదొక్కటే.

సమస్య ఏమిటంటే గోడలోకి వెళ్ళే మురుగుపైపు నేల నుంచి 20 అంగుళాల ఎత్తులో ఉంది. పాత సింకు 8 అంగుళాల లోతు, పైగా దాని అంచు గట్టు మీద కూర్చునేది. కొత్తది లోతు ఎక్కువ, గట్టు కింద కూర్చుంటుంది. సింకు అడుగు కిందికి దిగింది, దానికింద ఉండే వంకీ పైపు ఇంకా కిందికి దిగింది. వంకీలో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలిచి మురుగు వాసన పైకి రాకుండా ఆపుతాయి. వంకీ నుంచి గోడలోకి పైపు అడుగుకి పావు అంగుళం చొప్పున వాలాలి. గోడ కంత వంకీ కంటే ఎత్తులో ఉంటే నీళ్ళు కొండెక్కాలన్నమాట. ఎక్కవు, సింకులోనే నిలబడతాయి. అతను గోడ కోసి కంతను 15 అంగుళాలకి దించాడు. 650 డాలర్లు. సింకు ధరలో ఇది కలవదు. సింకు కొనేముందు గోడ కంత ఎత్తు కొలిస్తే ఈ ఖర్చు ముందే తెలిసేది. నేను కొలవలేదు.

చెత్త నలిపే మోటారు మళ్ళీ పెట్టాలా అని అడిగాడు. వద్దన్నాం. మునక్కాయ పిప్పి, చింతపండు పిప్పి, కరివేపాకు ఈనెలు, కొబ్బరి పీచు. ఆ మోటారు ఏది నమలలేదో సరిగ్గా అదే మనం తింటాం. పాతది ఏడాదికి రెండుసార్లు ఇరుక్కునేది. దాని బదులు లోతైన జల్లెడ బుట్ట పెట్టించాం. డిష్‌వాషర్ గొట్టం ఇంతకాలం ఆ మోటారుకే తగిలించి ఉంది కాబట్టి దానికి పక్కకొమ్మ ఉన్న పైపు ముక్క వేసి, గొట్టాన్ని గట్టు కిందదాకా పైకి ఎత్తి వంచి కట్టాడు. అలా ఎత్తకపోతే సింకు మురికి నీళ్ళు డిష్‌వాషర్‌లోకి వెనక్కి పోతాయి.

మార్చి 15, శనివారం

గట్టు వాళ్ళు టెంప్లేట్, అంటే గట్టు కోయడానికి అచ్చు, కొలతలకి వచ్చారు. సింకు దాని చట్రం మీద కూర్చుని ఉంటేనే కొలుస్తారు. ఒక ప్రశ్న అడిగారు, నేను సిద్ధంగా లేను. మా కొత్త క్వార్ట్జ్ గట్టు అంచు సింకు అంచుకి ఎక్కడ ఆగాలి? సింకు మీదికి కొంచెం వాలాలా, సరిసమానంగా ఉండాలా, వెనక్కి జరిగి సింకు అంచు కనబడాలా? మీదికి వాలితే చూడ్డానికి నీటుగా ఉంటుంది, కానీ ఆ చూరు కింద ఏం చేరిందో వంగి చూస్తే తప్ప తెలీదు. దోసెపిండి నాలుగు రోజులు చూరు కింద ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. వెనక్కి జరపమన్నాను, అంగుళంలో ఎనిమిదో వంతు. మురికి చేరితే కనబడుతుంది, కనబడితే తుడుస్తాం.

కుళాయి కంత కూడా అప్పుడే తేల్చాలి. కుళాయి పిడి వెనక్కి తిప్పితే కిటికీ గట్టుకి తగులుతుందా అని అట్టముక్కతో చూశాం. తగులుతోంది. పిడి పక్కకి తిరిగే రకం తీసుకున్నాం.

పాత గట్టు ఇవాళే పీకేశారు. కొత్తది వచ్చేదాకా సింకుకి నీళ్ళు లేవు.

ఉగాది

రెండు వారాలకి పైగా గిన్నెలు బాత్‌టబ్‌లో తోముతున్నాం. మోకాళ్ళ మీద కూర్చుని, పక్కన షాంపూ సీసాలు. ఉగాది పచ్చడి భోజనాల బల్ల మీద చేశాం, కాగితం గిన్నెల్లో తిన్నాం. మామిడికాయ ముక్క టబ్బు కంతలో ఇరుక్కుంటే తీయడానికి పావుగంట. ఈ సంవత్సరం ఇలాగే గడుస్తుందేమో అన్నాడు మా ఆయన. అమ్మ కోపంగా చూసింది.

ఏప్రిల్ 5, శనివారం

గట్టు గురువారం వచ్చింది. సిలికాన్ జిగురు ఒక రోజంతా ఆరనివ్వమన్నారు, మేం రెండు రోజులు ఆగాం. ఇవాళ ప్లంబర్ కుళాయి, పైపులు కలిపి వెళ్ళాడు. అతను వెళ్ళాక ప్రతి బిగింపు కిందా టిష్యూ కాగితం పెట్టి, తొట్టి నిండా నీళ్ళు పట్టి, ఒక్కసారిగా వదిలాం. మెల్లగా కారేది కుళాయి విప్పితే తెలీదు, నిండు తొట్టి బరువుతో దిగే నీళ్ళకే తెలుస్తుంది. వంకీ దగ్గర ఒక కాగితం చివర తడిసింది. ప్లాస్టిక్ నట్టు చేత్తో పావు చుట్టు బిగిస్తే ఆగింది. ఇంకోసారి నింపి వదిలాం. అన్నీ పొడి.

ఎలా ఉందంటే, చప్పుడు నిజంగానే తగ్గింది. కుక్కరు పెడితే దబ్‌మంటుంది తప్ప ఖణేల్‌మనదు. దోసెల పెనం పిడితో సహా అడ్డంగా పడుకుంది. అప్రన్ మీద వేలిముద్రలు పడుతున్నాయి, అదొక చికాకు. సాయంత్రం ఎండ కిటికీలోంచి పడితే అందరి చేతులూ కనిపిస్తాయి. తెల్లదాన్ని ఇంకా ఓసారి తలుచుకుంటున్నాను.

మొదటి గీత పడటానికి రెండు గంటలు పట్టింది. అమ్మ గ్రైండర్ రాళ్ళు కడుగుతూ ఒకదాన్ని అడుగున జరిపింది. బెత్తెడు గీత. నా మొహం చూసి, "పడనీవే, మొదటిది పడాలిగా" అంది.

తర్వాత బియ్యం కడిగింది. కడుగు పారబోయబోయి ఆగి, నా వైపు తిరిగి, "ఇంత తొట్టి పెట్టావు, బకెట్ ఒకటి లేదా కింద?" అని అడిగింది. చీర కర్టెన్ జరిపి చూస్తే కొత్త ప్లైవుడ్ మీద పెయింట్ బకెట్ ఒకటి ఖాళీగా ఉంది. కడిగి ఇచ్చాను. కడుగంతా అందులో పోసి, రెండు చేతులతో పట్టుకుని, గరాజ్‌లోంచి వెనకవైపుకి వెళ్ళింది. కరివేపాకు కుండీకి అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే, అల్లుడితో మోయించి పెట్టించిన తెల్ల సింకు కంచె పక్కన మట్టితో నిండి ఉంది. అందులో పోస్తోంది.